మానుకోట ఫస్టు వచ్చింది, మూడో తరగతి మాటేమిటి?

2025 ఏప్రిల్ 30న తెలంగాణ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం ఉత్తీర్ణత 92.78 శాతం. జిల్లాల జాబితాలో మొదటి పేరు హైదరాబాద్‌ది కాదు, కార్పొరేట్ బడులు వీధికొకటి వెలసిన రంగారెడ్డిదీ కాదు. 99.29 శాతంతో మహబూబాబాద్ అగ్రస్థానంలో నిలిచింది. జనం నోట మానుకోటగా పలికే ఈ జిల్లా 2016 అక్టోబరులో పాత వరంగల్ నుంచి విడివడింది. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. 2011 జనగణన లెక్కల ప్రకారం ఇక్కడి అక్షరాస్యత 57 శాతం దగ్గరే ఆగిపోయింది. అప్పటి తెలంగాణ సగటు 66 శాతం దాటింది. తల్లిదండ్రుల్లో చాలామందికి సంతకం రాని ఊళ్లలో, తండాల్లో పిల్లలు నూటికి తొంభై తొమ్మిది మంది పది గట్టెక్కారంటే అది చిన్న విషయం కాదు. ఆ రోజు జిల్లా అంతటా మిఠాయిలు పంచుకున్నారంటే ఆ సంబరం వాళ్లకు చెల్లుతుంది.

అదే జాబితాలో అట్టడుగున ఉన్నది వికారాబాద్, 73.97 శాతం. అంతకుముందు 2023లో 59.46 శాతంతోనూ, 2024లో 65.10 శాతంతోనూ ఆఖరి స్థానం ఆ జిల్లాదే. మూడేళ్లలో పద్నాలుగు శాతానికి పైగా మెరుగుపడినా పత్రికల్లో మాత్రం ‘చివరి స్థానం’ అన్న మాటే మిగిలింది. పై నుంచి కింది దాకా జిల్లాలను వరుసలో నిలబెట్టే పద్ధతిలో ఉన్న మొదటి అన్యాయం ఇది. ఎంత దూరం నడిచారన్నది ఎవరికీ పట్టదు, ఎక్కడ నిలబడ్డారన్నదే లెక్క.

రెండో చిక్కు ఇంకా లోతైనది. పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఒక జిల్లా తన పిల్లలను పరీక్షకు ఎంత పట్టుదలగా సిద్ధం చేసిందో చెబుతుంది. ఆ పిల్లలకు చదవడం, రాయడం, లెక్క చేయడం ఏ మేరకు వచ్చో చెప్పదు. ఆ సంగతి తెలియాలంటే పదో తరగతి దాకా ఆగకూడదు, మూడో తరగతిలోనే చూడాలి. అక్కడ చూసినదాన్ని కూడా ప్రభుత్వం ఆ పిల్లల తల్లిదండ్రులకు చెప్పడం లేదు. మానుకోట సాధించిన మొదటి స్థానాన్ని తక్కువ చేయకుండానే ఈ మాట గట్టిగా అనాలి. ఎందుకంటే ఈ మాట వల్ల ఎక్కువగా మేలు కలిగేది ఆ జిల్లా పిల్లలకే.

ముందు మానుకోట జిల్లాలోని కురవి సంగతి. ఊరి పేరు వినగానే వీరభద్రస్వామి గుడి గుర్తొస్తుంది. మహాశివరాత్రి జాతరకు చుట్టుపక్కల తండాల నుంచి, ఖమ్మం వైపు నుంచి కూడా జనం తరలివస్తారు. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది, పది పరీక్షలు మార్చి 21న మొదలయ్యాయి. అంటే జాతర సందడి నడిచే రోజులూ, పదో తరగతి పిల్లలు ప్రీ ఫైనల్ కోసం కుస్తీ పట్టే రోజులూ దాదాపు ఒకటే. ఆ కాలంలో తెలంగాణలో ఏ జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లినా సాయంత్రం బడి విడిచాక ఒక్క గదిలో మాత్రం లైట్లు వెలుగుతుంటాయి. మిగతా పిల్లలు ఇళ్లకు పోతారు, పదో తరగతి మాత్రం ఉంటుంది. ఉడకబెట్టిన బొబ్బర్లో, శనగలో, పల్లీలు బెల్లమో చేతిలో పెడతారు. ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది.

ఆ పని ఎలా సాగుతుందో పది చదివించిన ఏ ఉపాధ్యాయుడిని అడిగినా చెబుతాడు. మొదట పిల్లలను గ్రేడులుగా విడదీస్తారు. ఏ, బీ గ్రేడు వాళ్లకు పెద్దగా బెంగ లేదు. సీ, డీ వాళ్లను ఒక్కో ఉపాధ్యాయుడు కొందరిని చొప్పున దత్తత తీసుకుంటాడు. డీ గ్రేడు పిల్లవాడికి లెక్కల పాఠాలన్నీ చెప్పే వ్యవధి ఉండదు. సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత, గ్రాఫు, నిర్మాణం ఏటా వస్తాయి కాబట్టి అవి పట్టిస్తారు. సాంఘికంలో పటం మీద గుర్తించడం, సైన్సులో బొమ్మలు గీసి భాగాలు రాయడం, తెలుగులో లేఖ, ఇంగ్లిష్‌లో ఇచ్చిన పేరాలో నుంచే జవాబు వెతకడం. రోజూ ఒక స్లిప్ టెస్టు. పొద్దున్నే ఇంటికి ఫోను చేసి లేచాడా లేదా అని అడిగే ఉపాధ్యాయులూ ఉన్నారు. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ 35 మార్కుల గీత దాటడానికి ఇదంతా కావాలి. ఇందులో దొంగతనమేమీ లేదు. ఆ పిల్లవాడి మీద మనసు పెట్టిన మనిషి చేసే పని ఇది.

అయితే మూడు నెలల్లో ఇన్ని తిప్పలు ఎందుకు పడాల్సి వచ్చిందన్నదే అడగాల్సిన ప్రశ్న. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఎనిమిదో తరగతి దాకా పిల్లలను ఆపకుండా పైతరగతికి పంపారు. ఉమ్మడి రాష్ట్రంలో ఒకప్పుడు ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది, అదీ పోయింది. ఇప్పుడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డ రాసిన జవాబులను ఆ బడికి సంబంధం లేని మనిషి దిద్దడం పదో తరగతిలోనే మొదటిసారి జరుగుతుంది. మధ్యలో ఫార్మేటివ్, సమ్మేటివ్ అనే బడి పరీక్షలు వస్తూనే ఉంటాయి. పేపరు పై నుంచి వచ్చినా దిద్దేది సొంత బడిలోనే. మార్కులు రిజిస్టరులోకి ఎక్కుతాయి, అక్కడి నుంచి ఆన్‌లైన్‌లోకి పోతాయి. ఆ మార్కులు చూసి ఫలానా తండాలో నాలుగో తరగతి వెనకబడింది, అక్కడికి ఇంకొక మనిషిని పంపుదాం అని ఎవరైనా కదిలిన సందర్భాలు అరుదు.

పది పాసైన పిల్లలు ఆ తర్వాత ఏమవుతున్నారో చూస్తే అసలు లెక్క బయటపడుతుంది. 2024లో పది ఉత్తీర్ణత 91.31 శాతం. ఆ పిల్లల్లో ఇంటర్‌లో చేరినవాళ్లు 2025లో మొదటి సంవత్సరం పరీక్ష రాశారు. ఆ ఏడాది ఇంటర్ మొదటి సంవత్సరం ఉత్తీర్ణత 66.89 శాతం. ఏడాది తిరిగేసరికి అదే పిల్లలు, అదే రాష్ట్రం. బోర్డు మాత్రం వేరు. పదిలో నూటికి తొమ్మిది మంది తప్పితే ఇంటర్‌లో ముప్పై ముగ్గురు తప్పారు. అంతటి తేడాకు పిల్లల బద్ధకాన్ని కారణంగా చూపి తప్పించుకోవడం కుదరదు. పదో తరగతి పాసవడానికి మనం పెట్టుకున్న గీతకూ, ఇంటర్ మొదటి రోజున లెక్చరర్ పిల్లలకు వచ్చనుకునే చదువుకూ మధ్య పెద్ద గుంత ఉంది. అందులో ఎక్కువగా పడేది సర్కారు బడి నుంచి వచ్చిన బిడ్డే. కార్పొరేట్ బడి పిల్లవాడు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లోనే ఇంటర్ పుస్తకం తెరిచి ఉంటాడు.

పరీక్ష కొలబద్ద ఎంత సాగుతుందో, ఎంత కుంచించుకుపోతుందో తెలుగు రాష్ట్రాల గత ఆరేడేళ్ల అనుభవమే చెబుతుంది. 2014లో రాష్ట్రం విడిపోయేనాటికి రెండు చోట్లా పాఠ్యపుస్తకాలూ పరీక్ష పద్ధతీ ఇంచుమించు ఒకటే. 2019లో పది ఉత్తీర్ణత ఆంధ్రప్రదేశ్‌లో 94.88 శాతం, తెలంగాణలో 92.43 శాతం. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులను తీసేసి మొత్తం నూరు మార్కులకూ పబ్లిక్ పరీక్షే పెట్టాలని నిర్ణయించింది. కరోనా రెండేళ్లూ పరీక్షలు జరగలేదు. మళ్లీ జరిగిన 2022లో ఆంధ్రప్రదేశ్ ఉత్తీర్ణత 67.26 శాతానికి పడిపోయింది. తెలంగాణ ఇంటర్నల్ మార్కులను ఉంచి, సిలబస్‌ను 70 శాతానికి తగ్గించి, ప్రశ్నల్లో ఛాయిస్ పెంచింది. ఇక్కడ 90 శాతం వచ్చింది. కృష్ణకు అటు ఒడ్డున పుట్టిన పిల్లలు ఇటు ఒడ్డు పిల్లల కన్నా మూడేళ్లలో అంత మందబుద్ధులైపోయారా? కాలేదు. కొలిచే తీరు మారింది, కొలత మారింది.

ఇంటర్నల్ మార్కుల కథ ఇంకా వింతగా సాగింది. తెలంగాణలో 2019లో పదికి పది జీపీఏ తెచ్చుకున్నవాళ్లు 8,676 మంది. కరోనా వల్ల పరీక్షలు రద్దయిన 2020లో బడుల్లో వేసిన ఫార్మేటివ్ మార్కులనే నూటికి లెక్కగట్టి గ్రేడులిచ్చారు. ఆ సంఖ్య లక్షా నలభై వేలు దాటింది. 2021లో ఒకే ఒక్క ఫార్మేటివ్ పరీక్ష ఆధారంగా గ్రేడులిస్తే 2,10,647 మందికి పదికి పది వచ్చింది. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు. 2022లో పరీక్ష జరగ్గానే అది 11,343కి దిగింది. బాసర ఆర్జీయూకేటీలో సీట్లు పదో తరగతి జీపీఏ ఆధారంగా ఇచ్చేవారు, గురుకులాలు కాని సర్కారు బడుల్లో చదివినవాళ్లకు 0.4 పాయింట్లు కలిపేవారు. ఊరి బడి పిల్లలకు అదొక పెద్ద ఆసరా. 2021లో మాత్రం ఆ జీపీఏ పనికిరాక పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ ర్యాంకుల మీద సీట్లు నింపాల్సి వచ్చింది. తాను ముద్ర వేసి ఇచ్చిన గ్రేడును సర్కారే నమ్మలేకపోయింది. 2024 నవంబరులో ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తున్నట్టు తెలంగాణ ప్రకటించింది. విద్యా సంవత్సరం సగం గడిచిందన్న విమర్శలు రాగానే ఒకటి రెండు రోజుల్లోనే దాన్ని వాయిదా వేసింది. పిల్లల భాగస్వామ్యం, ప్రాజెక్టు పని, రాత పని, లఘు పరీక్ష కలిపి పిల్లవాడిని ఏడాది పొడవునా గమనించాలన్న ఆలోచన నిజానికి మంచిదే. ఇప్పుడు అందరికీ ఇరవైకి ఇరవై పడే చోట ఆ ఆలోచన బతికి లేదు. దాన్ని బతికించే దారి ఒకటి ఉంది. పక్క మండలం ఉపాధ్యాయులు వచ్చి కొన్ని నోటుపుస్తకాలు, ప్రాజెక్టులు తీసి మార్కులు సరిచూడాలి. ఈ పని ఇప్పుడు కాగితాల మీదే ఎక్కువగా జరుగుతోంది.

ఇక మూడో తరగతి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో చేస్తున్న అసర్ సర్వేలో పరీక్ష చాలా మామూలుగా ఉంటుంది. సర్వే మనిషి ఇంటికి వస్తాడు. అరుగు మీదో, చెట్టు కిందో బిడ్డను కూర్చోబెట్టుకుని ఒక కాగితం చేతికిస్తాడు. దాని మీద నాలుగు మెట్లు: కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. పేరా తడబడకుండా చదివితే కథ ఇస్తారు, తడబడితే మాటలకు దిగుతారు. పెన్ను లేదు, మార్కులు లేవు, పక్కవాడిని చూసి రాసే వీలూ లేదు. ఆ చిన్న కథ చదవగలిగిన మూడో తరగతి పిల్లలు గ్రామీణ తెలంగాణలో 2018లో నూటికి 18.1. కరోనా తర్వాత 2022లో ఆ అంకె 5.2కు కూలింది. నూరు మందిలో ఐదుగురు! దేశం మొత్తం మీద కూడా పడిపోయింది, కానీ అది 27.3 నుంచి 20.5కు. మన పిల్లలు కరోనాకు ముందే దేశ సగటుకు తొమ్మిది మెట్ల దిగువన ఉన్నారు. బడులు మూతబడ్డాక ఇంకా జారిపోయారు.

ఆ 2022 నాటి మూడో తరగతి పిల్లలే 2030లో పది పరీక్ష రాయాల్సినవాళ్లు. అప్పుడు కూడా జిల్లాలకు శాతాలు వస్తాయి, ఒకరు ఫస్టు, ఒకరు లాస్టు అవుతారు. ఆ శాతాల్లో ఈ 5.2 ఎక్కడా కనిపించదు.

కేంద్రం చేసిన సర్వేలూ వేరే కథ చెప్పడం లేదు. 2024 డిసెంబరు 4న దేశవ్యాప్తంగా 21 లక్షల మందికి పైగా పిల్లలకు ‘పరఖ్’ పరీక్ష పెట్టారు. మూడో తరగతిలో 99 లోపు అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా రాయగలిగినవాళ్లు 55 శాతం. ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా వచ్చినవాళ్లు 53 శాతం. తొమ్మిదో తరగతి లెక్కల్లో సరైన జవాబులు సగటున 37 శాతం. ఎక్కాలు రాకుండా ఆరు దాటిన బిడ్డకు పదిలో వర్గ సమీకరణాలు చెప్పాలి. అది కుదరదు కాబట్టే సాయంత్రం తరగతుల్లో గ్రాఫులూ సంభావ్యతా మిగులుతున్నాయి.

కురవి చుట్టుపక్కల తండాల్లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. అక్కడి ఇళ్లలో అమ్మ మాట్లాడేది లంబాడీ. జిల్లాలో కోయ మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. బిడ్డ బడికి వచ్చేసరికి పంతులమ్మ తెలుగులో మాట్లాడుతుంది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది కాబట్టి పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు. రెండు పేజీల్లో ఏ ఒక్కటీ ఇంట్లో మాట్లాడే భాష కాదు. ఇంగ్లిష్ కావాలన్న తల్లిదండ్రుల కోరిక న్యాయమైనదే, పట్నం పిల్లలకు దక్కేది తమ బిడ్డలకు ఎందుకు దక్కకూడదని వాళ్లు అడుగుతున్నారు. కానీ ‘నీళ్లు’ అన్న మాటనే తెలుగులో కొత్తగా నేర్చుకుంటున్న ఆరేళ్ల బిడ్డ అదే నెలలో ‘వాటర్’ స్పెల్లింగ్ కూడా నేర్వాలంటే ఆమెకు తోడుగా ఇంకొక మనిషి కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో కోయ, బంజారా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. అమ్మ భాషలో అక్షరం నేర్పి మెల్లగా తెలుగుకు మళ్లించే ఆ ప్రయత్నాన్ని చివరిదాకా నడిపించిన ప్రభుత్వం లేదు. తెలుగు గద్యంలో తొలినాటి శాసనాల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు చెప్పుకునే కొరవి శాసనం ఈ ఊరిదే, పదో శతాబ్దానిది. వెయ్యేళ్ల కిందటే రాయి మీద వచనం చెక్కించిన ఊళ్లో మూడో తరగతి బిడ్డ చిన్న కథ చదవగలదా లేదా అన్నది ఎవరికీ తెలియని సంగతిగా మిగలకూడదు.

గురుకులాల విజయాన్ని కూడా ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. ఏటా పదిలో రెసిడెన్షియల్ బడుల ఉత్తీర్ణత 98 శాతం పైన ఉంటోంది. గిరిజన, సాంఘిక సంక్షేమ గురుకులాలు వేలాది కుటుంబాల తలరాత మార్చాయి, ఆ మాటలో అతిశయోక్తి లేదు. అయితే వాటిలో ఐదో తరగతి సీటుకు ప్రవేశ పరీక్ష ఉంది. ఆ పరీక్ష రాసి నెగ్గేది అప్పటికే చదవడం వచ్చిన బిడ్డ. చదవడం రాని బిడ్డ తండా బడిలోనే, ఆ తర్వాత మండలం హైస్కూల్లోనే ఉండిపోతుంది. నాలుగో తరగతి నాటికి పడిన తేడాను ప్రవేశ పరీక్ష అలాగే గట్టిపరుస్తుంది. అటు మూడు పూటలా తిండి, ప్రతి సబ్జెక్టుకూ టీచరు, సాయంత్రం స్టడీ అవర్. ఇటు ఒకరిద్దరు టీచర్లతో ఐదు తరగతులు.

అలాగని వెనకబాటు తలరాతగా రాసిపెట్టి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేళ్లూ వరుసగా పదిలో రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకుంది. 2025లో దాని ఉత్తీర్ణత 93.90 శాతం. అదే ఏడాది, అదే పేపరు మీద, మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు 47.64 శాతంతో ఆఖరున నిలిచింది. రెండూ కొండలూ అడవులూ ఉన్న జిల్లాలే, రెండూ 2022 ఏప్రిల్‌లో ఒకేసారి పుట్టినవే. గిరిజనులు కాబట్టి ఇంతే అని తేల్చేసేవాళ్లకు ఈ రెండు అంకెలు చాలినంత జవాబు. ఇంత దగ్గరి జిల్లాల మధ్య ఇంత ఎడం ఎలా వచ్చిందో తవ్వి చూడటం ర్యాంకులు ప్రకటించడం కన్నా విద్యాశాఖకు ముఖ్యమైన పని.

పరీక్ష పెట్టి రిపోర్టు చేతికిస్తే చదువు బాగుపడుతుందా అన్న ప్రశ్నకు మన నేల మీదే జవాబు దొరికింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక బడుల్లో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి ఉపాధ్యాయులకు ఇచ్చారు, ఎలా వాడుకోవాలో కూడా చెప్పారు. ఏడాది తర్వాత చూస్తే, ఆ రిపోర్టులు అందిన బడుల పిల్లలకూ అందని బడుల పిల్లలకూ మార్కుల్లో తేడా లేదు. 2010లో ఆ అధ్యయనం అచ్చయింది. కాగితం ఇచ్చి ఊరుకుంటే ఏమీ కదలదని అప్పుడే తేలింది. ఆ తర్వాత అభిజీత్ సింగ్, పెట్టెర్ బర్గ్ ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో ఇంకో విషయం చూశారు. ఉపాధ్యాయులే కాగితం మీద పరీక్ష పెట్టి పర్యవేక్షించిన చోట పిల్లల స్థాయి ఉన్నదాని కన్నా చాలా ఎక్కువగా కనిపించింది, ట్యాబ్ మీద పెట్టిన చోట నిజానికి దగ్గరగా వచ్చింది. ఉపాధ్యాయుల నిజాయితీని శంకించడానికి ఈ మాట ఎత్తడం లేదు. తన బడి పరువు తన చేతిలోని మార్కుల మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఎవరి చెయ్యైనా కాస్త ఉదారంగా కదులుతుంది. అమెరికాలో బడుల తలరాతను టెస్టు మార్కులకు ముడిపెట్టాక అట్లాంటా నగరంలో ఉపాధ్యాయులే జవాబులు దిద్ది మార్చిన వ్యవహారం 2011లో బయటపడింది. విచారణలో 178 మంది పేర్లు తేలాయి.

పిల్లలను పరీక్షించి బాగుచేసే పని సరిగ్గా చేసిన ఊరు ఒకటి బ్రెజిల్‌లో ఉంది. సియారా రాష్ట్రంలో సొబ్రాల్ అనే పట్టణం, జనాభా రెండు లక్షలు. ఆ దేశంలో పేదరికానికి పేరుపడ్డ ఈశాన్య ప్రాంతం అది. అక్కడి నగరపాలక సంస్థ 2000 ప్రాంతంలో తన బడుల్లో పిల్లలను ఒక్కొక్కరినీ చదివించి చూసింది. దాదాపు సగం మందికి చదవడం రాలేదు. మేయర్ దాన్ని దాచలేదు. రెండో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా చదవాలన్న ఒక్క గురి పెట్టుకున్నారు. బాగా చెప్పే ఉపాధ్యాయులను చిన్న తరగతులకు మార్చారు. హెడ్మాస్టర్లను రాజకీయ సిఫారసు మీద కాకుండా అర్హత మీద ఎంపిక చేశారు. బయటి పరిశీలకులు ఏడాదికి రెండుసార్లు ప్రతి బిడ్డ చదువూ చూసేవారు. 2005లో జాతీయ విద్యా సూచీలో 4.0 ఉన్న సొబ్రాల్ 2017 నాటికి 9.1 సాధించి దేశంలోనే మొదటి స్థానానికి వచ్చింది. అక్కడ పరీక్ష తర్వాత మనిషి కదిలాడు, డబ్బు కదిలింది, టీచరు ఏ తరగతికి పోవాలన్న నిర్ణయం మారింది. మన దగ్గర పరీక్ష తర్వాత కదిలేది ర్యాంకుల జాబితా ఒక్కటే.

తెలంగాణ ఏమీ చేయలేదనడం సరికాదు. 2022 ఆగస్టు 15న ప్రాథమిక తరగతులకు ‘తొలిమెట్టు’ మొదలైంది, ఆ తర్వాతి ఏడాది ఆరు నుంచి తొమ్మిది తరగతులకు ‘ఉన్నతి’ వచ్చింది. చదవడం, లెక్క చేయడం అనే మూలానికి దిగడం సరైన అడుగు. 2024 డీఎస్సీ ద్వారా ఆ అక్టోబరులో పదివేల మందికి పైగా కొత్త ఉపాధ్యాయులకు నియామక పత్రాలు ఇచ్చారు.  కావాల్సిన సామాను చాలావరకు చేతిలో ఉంది. ‘తొలిమెట్టు’లో పిల్లల స్థాయి తీసిన ప్రతిసారీ దాన్ని చూసేది ఆ బడి ఉపాధ్యాయులే, అది ఎవరికీ సాయంగా మారకుండా పోర్టల్‌లో చేరిపోతోంది. లోపం అక్కడుంది.

కురవి మండలం ఒక్కటి ముందుకొచ్చి చేయగలిగింది చాలా ఉంది. మండలంలోని మూడో తరగతి పిల్లలందరినీ, సర్కారు, ప్రైవేటు తేడా లేకుండా, ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చదివించాలి. చదివించేవాళ్లు ఆ బడివాళ్లు కాకూడదు. పక్క కాంప్లెక్సు టీచర్లు, డైట్‌లో చదువుతున్న ఛాత్రోపాధ్యాయులు ఆ పనికి సరిపోతారు. బిడ్డ ఇంట్లో మాట్లాడే భాష ఏదో కూడా కాగితం మీద రాసుకోవాలి. అలా రాసుకున్నప్పుడే లంబాడీ ఇళ్ల పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో, తెలుగు ఇళ్ల పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో విడిగా తెలుస్తుంది. వచ్చిన ఫలితాన్ని ఏ బడి ఫస్టు అని రాయకుండా, ‘మీ అమ్మాయి మాటలు చదువుతోంది, పేరా ఇంకా రాలేదు’ అని తల్లితో తల్లి భాషలోనే చెప్పాలి. మండల విద్యాధికారి (ఎంఈవో) దగ్గర ఉండేది మాత్రం బడులవారీ లెక్క. ఏ తండా బడిలో సగం మందికి పైగా మాటల మెట్టు దగ్గరే ఆగారో అక్కడికి ముందుగా లంబాడీ వచ్చిన విద్యా వాలంటీరును పంపాలి. కరోనా తర్వాత నిలిపేసిన వాలంటీర్ల పద్ధతిని కనీసం ఈ బడుల కోసం తిరిగి తేవడానికి బడ్జెట్‌లో పెద్ద మొత్తం అక్కర్లేదు. ఆ పని చేయగల, ఇంటర్ పాసై ఊళ్లోనే ఉన్న తండా ఆడపిల్లలు ఎందరో ఉన్నారు.

పది ఫలితాల్లోనూ మార్పు కావాలి. జిల్లాల వరుస ప్రకటించడం మానేసి, ప్రతి హైస్కూలుకూ మూడు అంకెలు ఇస్తే తల్లిదండ్రులకు ఎంతో ఉపయోగం. ఎంతమంది పాసయ్యారన్నది ఒకటి. ఆ బడి ఐదేళ్ల కిందటి తన స్థాయి నుంచి ఎంత కదిలిందన్నది రెండోది, వికారాబాద్ లాంటి జిల్లాలకు దక్కాల్సిన గౌరవం అందులోనే దక్కుతుంది. ఆ బడి నుంచి పాసైనవాళ్లలో ఏడాది తర్వాత ఇంటర్ మొదటి సంవత్సరం ఎంతమంది పాసయ్యారన్నది మూడోది. పదో తరగతి హాల్‌టికెట్ నంబరు ఇంటర్ అడ్మిషన్‌లోనే నమోదవుతుంది కాబట్టి ఈ మూడో అంకె తీయడం రెండు బోర్డులకూ కష్టమేమీ కాదు. మానుకోట తన 99.29ని ఆ మూడో అంకెతో కలిపి చూపించగలిగితే రాష్ట్రం మొత్తం ఆ జిల్లా హైస్కూళ్ల దగ్గర నేర్చుకోవడానికి వెళ్లాల్సి వస్తుంది.

తెలంగాణలో బడులు జూన్ 12న తెరుచుకుంటాయి. మొదటి వారాలు పుస్తకాల పంపిణీకీ, బడిబాటకూ పోయినా, కురవిలో మూడో తరగతి పిల్లలందరినీ ఒక్కసారి చదివించి చూడటానికి ఆ నెలలో మిగిలే రోజులు సరిపోతాయి. లంబాడీ వచ్చిన వాలంటీరు జూలై మొదటి సోమవారానికి తండా బడిలో ఉండొచ్చు.